పక్షవాతము తగిలిన పిదప



నా మాటలో అచ్చటచ్చట కొంచెము తడబాటు మీకు వినవచ్చును. అది యంత్రదోషమనుకొని రేడియో మరలు త్రిప్పకుడు. నాలుగేండ్ల క్రిందట, నా అరువది రెండవ యేట, నాకు పక్షవాతము తగిలినది. ఆ తడబాటు దాని శేషము. తడబడు నాలుకతో ఆకాశవాణిలో ప్రసంగించుట తగునా యని మా యింటనే యొకరిద్దరు సందేహించిరి. ఈ విషయమునకు ఇట్టి నాలుకయే తగినదని నేనంటిని.

మొదట మాటనుగూర్చి యొక మాట. పండితులకు ఈ దురలవాటు తప్పదు, క్షమింపుడు. పక్షమనగా రెక్క, ప్రక్క యనియు నర్థము. పల్లెలలో దీనిని పచ్చవాత మందురు గాని పచ్చదనమునకును దీనికిని సంబంధము లేదు. చరకసంహితలో చికిత్సాస్థానమున 28వ అధ్యాయము వాతవ్యాధులను గూర్చినది. కుడిప్రక్క గాని యెడమప్రక్క గాని చేష్టలుడుగుటయు, మాట స్తంభించుటయు ఈ వ్యాధి లక్షణములని అందు చెప్పబడినది. ఆ పరిశీలనము నేటికిని సరియైనదే. అయితే వాతమను పదము చెవిని బడగానే మనవారు దానిని గాలి యని గ్రహించి, ‘గాలి సోకింది’ అనుచు వేపమండలకై పరుగిడుదురు. ఇది గాలి పని కాదు, నెత్తురు పని. మెదడునకు నెత్తురు గొనిపోవు నాళములలో నొకటి గడ్డచే మూసికొనిపోయినను, లేక చిట్లినను, దానిపై నాధారపడిన మెదడు భాగము చచ్చును. మెదడున ఎడమభాగము శరీరమున కుడివైపును, కుడిభాగము ఎడమవైపును ఏలుచుండును గనుక, దెబ్బ యొకవైపు, ఫలము వేరొకవైపు.

నేటి ప్రసంగము జబ్బు వచ్చిన పిదప సంగతులను గూర్చినది. అయినను వచ్చిన గడియలో చేయవలసినది చెప్పక ముందునకు సాగుట న్యాయము కాదు. మూతి యొక వైపునకు వంకర పోయినను, చేతులు రెండును చాపుమన్నప్పుడు ఒకటి క్రిందికి జారినను, మాట ముద్దయై పోయినను, వెంటనే గడియారము చూచి వేళ గుర్తుంచుకొనుడు. 108కి ఫోను చేయుడు. ఈ బండ్లు మన రాష్ట్రమున 2005 ఆగస్టు 15 నాడు మొదలైనవి, వెల లేదు. గడ్డను కరగించు మందు ఒకటి కలదు. అది జబ్బు మొదలైన నాలుగున్నర గంటలలోపల ఎక్కింపవలెను. అంతకుముందు సి.టి. స్కాను తీసి, నాళము మూసికొన్నదో చిట్లినదో తెలిసికొనవలెను. పైకి రెండును ఒక్కలాగుననే కనబడును. ఒకదానికి ఔషధమైనది రెండవదానికి విషమగును. కావున ఇంటివద్ద ఏ మాత్రయు మ్రింగింపరాదు. పసరు పోయరాదు, మ్రింగుశక్తి చెడినవాని నోట పోసిన పసరు, మంచినీళ్లయినను సరే, ఊపిరితిత్తులలోనికి పోయి ప్రాణము దీయును. పావురపు నెత్తురు మర్దించుటవలన పావురము చచ్చుటకంటె వేరు ఫలము లేదు. మా యింట పసరా, పట్టణమా యని బంధువులు తర్కించుచుండగా రెండు గంటలు గడచినవి. దారిలో మరి కొంత. నేను పట్టణము చేరునప్పటికి ఆ గడువు దాటినది.

కుడిచేయి, కుడికాలు, మాట, మూడును పోయినవి. వైద్యశాలనుండి ఇంటికి వచ్చి నులకమంచముపై పడియుంటిని. చూడవచ్చినవారందరును మంచివారే. అరటిపండ్లు తెచ్చిరి. ‘ఇంక ఏముంది మాస్టారూ, రామా కృష్ణా అనుకుంటూ కాలక్షేపం చెయ్యండి’ అని ఓదార్చిరి. భగవన్నామమున నాకు శ్రద్ధ లేకపోలేదు. కాని ఆ మాటలోని అర్థము రాముడు కాదు, కృష్ణుడును కాదు. ‘నీ పని అయిపోయినది’ అని. పలుమారులు వినగా వినగా రోగి దానిని నమ్మును. నేనును నమ్మితిని. రాత్రులు మంచము పట్టెను ఎడమచేత పట్టుకొని, తెల్లవారకుండిన బాగుండునని తలచిన దినములు కలవు. ఈ వ్యాధి వచ్చినవారిలో ఇంచుమించు మువ్వురిలో నొకరికి ఇట్టి మనఃకుంగుబాటు కలుగునని వైద్యులు చెప్పుచున్నారు. అది వైరాగ్యము కాదు, వ్యాధిలో భాగము. దానికి మందు కలదు. ఇంకొక వింత యేమనగా, కారణము లేకయే ఏడ్పు వచ్చును, ఒక్కొక్కప్పుడు నవ్వును వచ్చును. పెద్దమనిషి పదిమందిలో భోరున ఏడ్చెనేని పిరికివాడయ్యెనని యెంచకుడు. ఏడ్పును అదుపులో నుంచు భాగమునకు దెబ్బ తగిలినది, అంతియే.

నన్ను లేవదీసినది ఫిజియోథెరపీ చదివిన యొక పిల్ల; ఇరువదినాలుగేండ్లుండును. వారమునకు మూడు దినములు స్కూటరుపై వచ్చెడిది. మొదటిదినమున నేను సైగలతో ‘చచ్చిన మెదడు మరల బ్రతుకునా?’ యని యడిగితిని. ‘బ్రతకదు మాస్టారూ. కానీ పక్కవాళ్ళు దాని పని నేర్చుకుంటారు’ అనెను. ఇంతకంటె సూటియైన వ్యాఖ్యానము నేను ఏ శాస్త్రగ్రంథమునను చూడలేదు.

పెద్ద త్రోవ తెగినప్పుడు జనులు పొలముగట్లమీద నడతురు. మొదటిదినమున గడ్డి నలుగును. పదిదినములకు గీత పడును. సంవత్సరమునకు కాలిబాటయగును. నడువనిచో గడ్డి మరల మొలచును. మెదడును ఇట్లే. 1996లో అమెరికాలో నూడో యను శాస్త్రజ్ఞుడును ఆయన సహచరులును కోతులపై జరిపిన పరీక్షను ప్రకటించిరి. మెదడున చేతిని నడుపు చోట కొంచెము దెబ్బ తగిలిన కోతులకు, ఆ చేతితోనే చిన్న గుంటలలోని తిండి తీయుట నేర్పిరి. అట్లు నేర్చిన కోతుల మెదడున, మిగిలిన భాగము చేతిపనిని నిలుపుకొన్నది. అభ్యాసము లేని కోతులలో దెబ్బ తగులని చోటుకూడ చేతి నిర్వాహకత్వమును కోల్పోయినది. అనగా, కదలింపని చేయి ఉన్నచోట నుండదు, వెనుకకు పోవును.

ఇక ఒక ఉపాధ్యాయుని కథ చెప్పెదను. మా కులవృత్తివాడు గనుక నాకు ప్రియము. పెడ్రో బాక్ ఇ రీటా అను నాయన న్యూయార్కు నగరమున సిటీ కాలేజీలో ఆచార్యుడు, కవి. 1959లో, అరువది యైదేండ్ల వయసున, పక్షవాతముచే మాటయు నడకయు పోయినవి. కొన్ని వారముల చికిత్స తరువాత ఇంక ఆశలేదనిరి. ఆయన కుమారుడు జార్జి మెక్సికోలో వైద్యవిద్యార్థి. తండ్రిని తన యింటికి గొనిపోయెను. నడిపింపవలెనని చూచి, కుదరక, ‘బిడ్డలు మొదట దోగాడుదురు గదా’ యని తలచి, తండ్రిని నేలపై దోగాడించెను. బలములేని భుజమును గోడకానించి నెలల తరబడి దోగాడెను. పిదప తోటలో దోగాడుచుండగా, ఆచార్యుని కుక్కవలె ప్రాకించుట మర్యాదయా యని ఇరుగుపొరుగువారు నిందించిరట. మెక్సికోలోనైనను మన యూరిలోనైనను ఇరుగుపొరుగు ఒక్కటియే. పిదప నేలపై గోళీలాడించెను, నాణెములు ఏరించెను, బలములేని చేతితో గిన్నెలు తోమించెను. ఒక సంవత్సరమునకు ఆ వృద్ధుడు మరల కళాశాలకు పోయి పాఠము చెప్పెను. తుదకు 72 ఏండ్ల వయసున కొలంబియాదేశమున కొండ యెక్కుచు గుండెపోటుతో మరణించెను. శవపరీక్ష చేసి చూడగా, మెదడులోని దెబ్బ మానలేదు, ఉన్నది ఉన్నట్లే యున్నది! పాతబాట తెగియేయున్నది, ఆయన క్రొత్తబాటను నడచి వేసికొన్నాడు. రెండవ కుమారుడు పాల్, వైద్యుడు. ఇది చూచిన తరువాత మెదడు మార్పుచెందు శక్తిని శోధించుటకే తన జీవితము నెక్కువగా వినియోగించెను.

అందరికిని ఇంత మేలు కలుగునని చెప్పను. దెబ్బ యెంత పెద్దదో, ఎచ్చటిదో, దానినిబట్టి ఫలము. సాధారణముగా కాలు ముందు వచ్చును, చేయి వెనుక వచ్చును. మొదటి మూడునెలలలో మార్పు వేగము. ఆరునెలల తరువాత మందగించును గాని ఆగదు. ‘ఆరునెలలు దాటినవి, ఇంక రాదు’ అని దుకాణము మూయుట తగదు. నా బొటనవ్రేలు చిటికెనవ్రేలిని తాకినది రెండవ సంవత్సరమున.

దోగాడుట కంటె అరుగు మనకు సులభము. మన పాతయిండ్ల వీధియరుగు ఈ సాధనకు పెట్టినది పేరు. మోకాలియెత్తున నుండు అరుగుపై కూర్చుండి, పాదములు రెండును కొంచెము వెనుకకు లాగి, ముందునకు వంగి లేచి నిలువవలెను. మరల మెల్లగా కూర్చుండవలెను. బరువంతయు మంచికాలిపై వేయుట సహజము, అది చేయనీయరాదు. బలహీనమైన వైపున ఒకరు నిలువవలెను. నేను దినమునకు ఐదుమారులతో మొదలిడితిని. మూడు నెలలకు పూట పూటకు పదిమారులైనది. మెట్లకు ఒక సూత్రము కలదు: ఎక్కునప్పుడు మంచికాలు ముందు, దిగునప్పుడు బలములేని కాలు ముందు. చేతికర్ర మంచిచేత నుండవలెను. తడిసిన స్నానపుగది, జారు చాపలు, గడపలు, ఇవి రోగికి శత్రువులు. మన పద్ధతి మరుగుదొడ్డిలో గొంతుకూర్చుండుట ఇట్టివానికి మిక్కిలి కష్టము. ఎత్తుపీట అమర్చి గోడకు పట్టుకొనుటకొక కమ్మి వేయింపుడు. దానికగు ఖర్చు తుంటియెముక విరిగినప్పటి ఖర్చులో ఎన్నవవంతు!

చేతికి వామనగుంతలాటను మించిన వైద్యము నాకు కనబడలేదు. చింతపిక్కలను ఒక్కొక్కటిగా గుంటలలో వేయుట, మరల తీయుట. మా గృహిణి ప్రతి సాయంకాలము పీట వేసెడిది. మొదట నా చేతిలోని పిక్కలన్నియు ఒక్కగుంటలోనే పడెడివి. ‘ఏమండీ, ఇది అన్యాయపు ఆట’ అని ఆమె నవ్వెడిది. రెండు నెలల పిమ్మట నేనొకనాడు గెలిచితిని. ఆమె కావలెనని ఓడినదేమో యని నాకు నేటికిని అనుమానము.

మంచిచేయి చాల చెడ్డది. పని అంతయు తానే చేసి రెండవదానిని సోమరిని చేయును. టాబ్ అను అమెరికా పండితుడు మంచిచేతికి తొడుగు తొడిగి, మేలుకొనియున్న వేళలో నూటికి తొంబదివంతుల కాలము దానిని కట్టడి చేసి, బలములేని చేతినే పనిచేయించు పద్ధతి నేర్పరచెను. 2006లో ప్రకటింపబడిన యొక పెద్ద పరీక్షలో 222మంది రోగులపై దీనిని చూచిరి. రెండు వారముల సాధన పొందినవారికి, పొందనివారికంటె చేయి మెరుగుపడినది. అయితే వ్రేళ్లును మణికట్టును కొంచెమైనను విప్పగలవారికే ఇది తగును. పూర్తిగా పడిపోయిన చేతికి కాదు.

అతియుత్సాహమును పనికిరాదు. మొదటి యిరువదినాలుగు గంటలలోనే రోగిని మంచమునుండి దించి ఎక్కువగా తిప్పిన మేలని కొందరు తలచిరి. 2015లో ఐదు దేశములలో 56 వైద్యశాలలలో 2104మందిపై జరిపిన పరీక్ష ఫలితము వెలువడినది: అట్లు చేసినవారికి మేలు తగ్గినది. కొంచెము కొంచెముగా, పలుమారులు, ఇదియే మంచిది. మరియొకటి, రోగిని లేవదీయునప్పుడు పడిపోయిన చేతిని పట్టి లాగకుడు. కండల పట్టు లేని భుజము కీలు జారును. నన్నొక బంధువు ప్రేమతోనే అట్లు లాగెను. ఆ నొప్పి ఎనిమిది నెలలు నాతో నుండెను.

మాట సంగతి వేరు. 1861లో పారిసున బ్రోకా యను వైద్యుడు ‘టాన్’ అను నొక్క శబ్దము తప్ప పలుకలేని రోగిని చూచెను. ఆ రోగి మరణించిన పిదప మెదడును పరీక్షింపగా, ఎడమవైపు ముందుభాగమున దెబ్బ కనబడెను. పలుకు ఎచ్చట పుట్టునో లోకమునకు తెలిసినది అప్పుడే. నాకును దెబ్బ ఎడమవైపుననే. మంచినీళ్లు కావలెనన్న ‘నీళ్లు’ అను మాట రాదు. మనస్సులో స్పష్టముగా నున్నది, నాలుకకు రాదు. తెలివి పోలేదు, మాట మాత్రమే పోయినది. ఈ భేదము తెలియక ఇట్టి రోగియెదుటనే ‘ఈయనకేమీ తెలియదు’ అని మాటలాడుకొందురు. సర్వము తెలియును.

ఒక సాయంకాలము మా మనుమరాలు బడిలో నేర్చిన పద్యము చెప్పుచు మూడవపాదమున ఆగెను. నా నోటినుండి మిగిలిన పద్యమంతయు ధారగా వచ్చినది! ఇంటివారు చేరి చూచిరి. మరల నీళ్లడుగబోతిని, రాలేదు. ఇది అద్భుతము కాదు. పాటయు, కంఠస్థమైన పద్యమును, అంకెల వరుసయు, సహజమైన మాటకంటె వేరు దారుల వెంబడి వచ్చును. దీని నాధారము చేసికొనియే 1973లో అమెరికాలో రాగయుక్తముగా మాటలు నేర్పు పద్ధతి నొకటి ప్రకటించిరి. మా పిల్లయు నన్ను మాటలను రాగము తీసి చెప్పుమనెను. ‘మంచి... నీళ్లు’ అని హరికథకునివలె తొడపై తాళము వేయుచు అడిగినవాడను నేనే. మీ యింట మాటపోయినవారున్న యెడల భజనకు తీసికొనిపొండు, శతకము చదివింపుడు. తప్పు దిద్దకుడు, తొందరపెట్టకుడు, వాక్యమును మీరు ముగింపకుడు.

వ్రాతవిషయము చెప్పుట కించుక కష్టము. ముప్పదియారేండ్లు పిల్లల చేత అక్షరములు దిద్దించినవాడను. ఆ యేడు పింఛను కాగితమునకు సంతకము చేయలేక వ్రేలిముద్ర వేసితిని. గుమాస్తా మర్యాదస్థుడు, సిరాబిళ్ల తానే పట్టుకొని, నా వ్రేలు తానే తుడిచెను. ఇంటికి వచ్చి ఆ రాత్రి భోజనము చేయలేదు. మరునాడు మనుమరాలి పలక తెప్పించితిని. ఆమెకు అప్పుడే అక్షరాభ్యాసమైనది. ఇద్దరమును ఒక్క అరుగుపై ‘అ’ దిద్దితిమి. బలపము జారకుండ దానికి గుడ్డపేలిక చుట్టించితిని. పదిదినములలో ఆమె ‘ఋ’ దాటెను, నెలకు గుణింతములకు పోయెను. నేను ‘అ’ యొద్దనే యుంటిని. ‘తాతయ్యా, కొమ్ము కిందకి పోయింది’ అని దిద్దెడిది. ఇంతటి కఠినోపాధ్యాయుని నా యుద్యోగకాలమున చూచియుండలేదు. రెండేండ్లకు నా సంతకము వచ్చినది. పాత సంతకమువలె లేదు. బ్యాంకువారు క్రొత్త నమూనా తీసికొనిరి.

ఇట్టి ఫలము కేవలము సామాన్యులకే యనుకొనరాదు. లూయీ పాశ్చర్ 1868లో, నలుబది యైదేండ్లవాడై యుండగా, ఎడమవైపు పక్షవాతమున పడెను. ఆ కాలు ఈడ్చుచునే పదునేడేండ్లు పనిచేసి, 1885లో పిచ్చికుక్క కాటునకు టీకా ఇచ్చెను. మన పల్లెలలో నేటికిని కుక్క కరచినవారిని బ్రతికించు సూదిమందునకు మూలమదియే.

ఇప్పుడు నేను ప్రాతఃకాలమున చెరువుకట్టపై నడచుచున్నాను. మొదట పదినిమిషములు, నడుమ రెండుమారులు కూర్చుండి. ఇప్పుడు ముప్పదినిమిషములు. ఎంత వేగము తగునని యడిగిన, నడచుచు మాటలాడగలుగవలెను గాని పాట పాడలేనంత వేగము చాలును. వైద్యుని యనుమతి లేక మొదలిడరాదు. తల తిరిగినను, ఎద బరువెక్కినను ఆపవలెను. ఒకసారి తగిలిన వ్యాధి మరల తగులుటకు రక్తపుపోటే ముఖ్యకారణము. దాని మాత్రను బాగుగా నున్నదని మానుట మన గ్రామములలో మిక్కిలిగా చూచుచున్నాను. మాత్ర మ్రింగుచుండుటచేతనే బాగుగా నున్నది! ఉప్పు దినమునకు 5 గ్రాములు, అనగా ఇంచుమించు ఒక చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. మనకు ఆవకాయ, అప్పడము, ఊరుమిరపకాయ యున్నవి. ఆ లెక్క మొదటి ముద్దతోనే తీరిపోవును. నేను ఆవకాయను ఆదివారమునకు పరిమితము చేసితిని. చుట్టను మాత్రము ఏ వారమునకును మిగుల్పలేదు, పూర్తిగా విడిచితిని.

కుడిచేతితోనే భోజనము చేయుచున్నాను. అన్నము కలుపుట వచ్చినది, ముద్ద చేయుట వచ్చినది. నోటికి చేరులోపల రెండుమూడు మెతుకులు జారును. ఎడమచేత చెంచా పట్టిన జారవని ఇంటివారు చెప్పుదురు. నేను వినను. ఆ మెతుకులకై మా పెరటికోళ్లు వేళకు వచ్చి అరుగుక్రింద నిలుచుచున్నవి. ఈ మధ్య వానికి తగినన్ని దొరకుటలేదు.

నాకిచ్చిన సమయ మైనది. సెలవు.